తేరిన నీళ్ళు

కిందింటావిడ పోయిందన్న సంగతి నాకు గాజువాక బస్టాపులో తెలిసింది. పాత క్వార్టర్లలో మా పక్క మెట్ల వైపు ఉండే మూడో నంబరావిడ కనపడి, కూరల సంచీ కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఐదు రోజులైందట. గుండె ఆగిపోయిందట. అంత జనంలో, బస్సుల హారన్ల మధ్య ఆమె అలా వెక్కిళ్ళు పెడుతుంటే నేను భుజం మీద చేయి వేసి ఓదారుస్తూ లోపల అనుకున్నది ఒక్కటే: నేను పోతే ఈ మనిషి ఇలా ఏడవదు. పదేళ్ళు ఒకే చోట ఉన్నాం. ఈమె కొడుక్కి పదో తరగతి లెక్కలు నేనే చెప్పాను. అయినా ఏడవదు.

చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడటం ఎంత తప్పో నాకు తెలుసు. కాని బతికున్నన్నాళ్ళూ పడినదాన్ని, ఐదు రోజుల్లో ఎలా మానేస్తాను?

తొంభైల్లో మేం ఉక్కునగరంలో ఉండేవాళ్ళం. మా ఆయన రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. నేను గాజువాకలో ఒక బి.ఇడి. కాలేజీలో విద్యా మనోవిజ్ఞానం చెప్పేదాన్ని. మనిషికి అలవాట్లు ఎలా పడతాయి, ఎలా వదులుతాయి అన్నదే నా పాఠం. మాది రెండో అంతస్తు, ఆ పైన డాబాయే. ఆవిడది అదే మెట్ల దగ్గర నేల మీది ఇల్లు. వాళ్ళాయన క్రేన్ నడిపేవాడు. ఆవిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఐదో తరగతి దాకా చదివానని తనే చెప్పేది. వెంటనే, "నాలుగే అనుకోండి" అని దిద్దుకునేది.

పొట్టి మనిషి. నడిస్తే చెప్పుల చప్పుడు మెట్లన్నిటా వినిపించేది. ఎవరింటికి వెళ్ళినా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. తలుపు చెక్కకి వీపు ఆనించి, కుడిచెవి తమ్మె రెండు వేళ్ళతో నొక్కుకుంటూ నిలబడేది. ఏదో ఆలోచిస్తోందంటే చెవి మీదికి చేయి పోయేది. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి అడిగేది. పెరుగు తోడు, చిటికెడు ఇంగువ, సూదిలో దారం ఎక్కించిపెట్టమని, ఉత్తరం మీద అడ్రసు రాసిపెట్టమని. మాది కృష్ణా జిల్లా. మా ఇళ్ళల్లో అడగడం నామోషీ. అందుకని మొదట్లో ఈవిడకి బొత్తిగా సిగ్గు లేదనుకున్నాను.

చాలా రోజులకి గమనించాను. ఆవిడ వంటింట్లో ఇంగువ డబ్బా నిండుగానే ఉంది. మరి నన్నెందుకు అడిగావంటే నవ్వింది.

"అడిగితే ఇత్తారమ్మా. సెపితే ఇనరు."

ఆ మాటకి అర్థం అప్పుడు నాకు తెలియలేదు. నేనేమో చెప్పడమే ఉద్యోగంగా ఉన్నదాన్ని.

మా వెనక సందులో పై అంతస్తులవాళ్ళు చెత్త విసిరేవారు. తొక్కలు, కాగితాలు, ఒక్కోసారి పొట్లం కట్టిన ఎంగిలి విస్తళ్ళు. నేను రేకు ముక్క మీద 'ఇక్కడ చెత్త వేయరాదు' అని ఎర్ర రంగుతో రాయించి కర్రకి కొట్టించి పాతించాను. వారం తిరిగేసరికి చెత్తంతా ఆ కర్ర చుట్టూనే పడసాగింది. అంతకుముందు ఎక్కడ వెయ్యాలో తెలియనివాళ్ళకి నేను చోటు చూపించినట్టయింది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి చూద్దును కదా, ఆ చోటంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. మధ్యలో పాత చీర పరిచి, దాని మీద గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. పక్కన రాయి మీద కిందింటావిడ ఆనపకాయ చెక్కు తీసుకుంటూ కూర్చుంది. మనిషి తినే వస్తువు ఎండుతుంటే దాని మీదికి ఎవరు చెత్త విసురుతారు? పది పన్నెండు రోజులు వడియాలు పెట్టింది. తర్వాత వడియాలు లేకుండా ఉత్త చీర పరిచింది. ఆ తర్వాత చీర కూడా తీసేసింది. సందు అలాగే ఉండిపోయింది.

మా ఆయన కిటికీలోంచి చూసి, "నువ్వు ఈ సంగతి మీ కాలేజీలో చెప్పాలి" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ పూట ఆయనకి అన్నం వడ్డించి మాట్లాడకుండా వచ్చేశాను. నా రేకు బోర్డు నేనే వెళ్ళి పీక్కొచ్చాను.

మా అమ్మాయి అప్పటికి ఒకటో తరగతి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి కిందికి పరిగెత్తేది. ఒకరోజు అన్నానికి పిలిస్తే "నాను రాను" అంది. ఆ 'నాను' వినగానే చెంప మీద కొట్టాను. అది భాష కోసం కొట్టానని మా ఆయనకి చెప్పాను. నా కూతురు నా ఇంట్లో ఆవిడ గొంతుతో మాట్లాడినందుకు కొట్టానని నాకు తెలుసు.

ఇక నీళ్ళ సంగతి. ముందు ఏడాది వానలు తప్పిపోవడంతో ఆ రోజుల్లో ఒక వేసవి చాలా కష్టంగా వచ్చింది. నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వదిలేవారు. మా మూడు బ్లాకులకి, అంటే పద్ధెనిమిది ఇళ్ళకి, ఒకటే పెద్ద ట్యాంకు. కిందివాళ్ళు ఎక్కువ పట్టుకుంటే పైవాళ్ళకి అందవు. అందరిళ్ళల్లోనూ డ్రమ్ములు, బిందెలు, బకెట్లు నిండే ఉండేవి. అయినా పొద్దున కుళాయి బుసకొట్టగానే ప్రతి ఇంట్లోనూ జరిగేది ఒక్కటే: నిన్నటి నీళ్ళు తూములో పారబోసి, కొత్త నీళ్ళు పట్టుకోవడం. నిన్నటివి పాచినీళ్ళు. పాచినీళ్ళతో వంటేమిటి, తాగడమేమిటి అని. తాగని నీళ్ళు, ముట్టుకోని నీళ్ళు, బిందెలకి బిందెలు కాలువ పాలు. గంట గడిచేలోగా ట్యాంకు ఖాళీ.

నేను లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాను. ఒక నోటీసు తయారుచేసి, జిరాక్సు తీయించి, పద్ధెనిమిది తలుపులకీ అతికించాను. 'మన బ్లాకుల్లో దాదాపు అందరూ ప్రతిరోజూ నిల్వ ఉన్న నీటిని పారబోస్తున్నారు. ఇది చదువుకున్నవారికి సిగ్గుచేటు' అని మొదలుపెట్టి, నీరు ప్రాణాధారమని ముగించాను. మర్నాడు ట్యాంకు ఇంకా ముందే ఖాళీ అయింది. అంతవరకూ పారబొయ్యని మూడో నంబరావిడ కూడా పారబోస్తూ కనిపించింది. ఇదేమిటని నిలదీశాను.

"అందరూ పారబోత్తన్నారని మీరే రాసినారు కదండి" అంది ఆమె. "నానొక్కదాన్నీ దాసుకుంటే పిసినారిదాన్ననుకోరా?"

పదిమంది చేసేదే మనిషి చేస్తాడని నేను ఏటా పాఠం చెబుతాను. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాను.

ఆ వారంలోనే కిందింటావిడ బయలుదేరింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున కుళాయి వచ్చే వేళకి ఒక ఇంటి గుమ్మంలో, అదే తలుపు చెక్కకి అదే వీపు ఆనించి నిలబడేది. చేతిలో ఖాళీ బిందె.

"అమ్మా, తేరిన నీల్లు ఉన్నాయేటి? పారబొయ్యకండి, నాకు ఇచ్చీండి."

పాచినీళ్ళు అన్నమాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. రాత్రంతా కదలకుండా ఉండి అడుగున మట్టి దిగిపోయిన నీళ్ళు కాబట్టి తేరిన నీళ్ళు అనేది. పప్పు బాగా ఉడుకుతుందని, టీ రంగు బాగా వస్తుందని చెప్పేది. ఇంటావిడ ఒక బిందె ఇచ్చేది. రెండో రోజు సగం బిందె ఇచ్చేది. ఇంకొకరు కావాలని గుమ్మంలోకి వచ్చి అడుగుతున్న వస్తువుని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఇచ్చేస్తారు? నాలుగో రోజుకి, "ఇయ్యాల మాకే కావాలమ్మా" అనేవారు. అది వినడానికే వచ్చినట్టు ఆవిడ తల ఊపి, ఖాళీ బిందెతో మెట్లు దిగేది. దిగుతూ దిగుతూ, "ఐదో నంబరోలు కూడా అవే వాడతన్నారంట" అని ఒక మాట వేసేది.

ఒకసారికి ఒక్క ఇల్లే. గుంపుగా ఉంటే పలికేది కాదు. నెల తిరిగేసరికి మా మూడు బ్లాకుల్లో పొద్దున తూముల చప్పుడు తగ్గిపోయింది. పై అంతస్తులో మా కుళాయికి కూడా గంటసేపు నీళ్ళు రావడం మొదలైంది.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. నోటీసు అతికించినదాన్ని నేనే. కాని మా ఇంట్లో తాగే రెండు బిందెలు రోజూ పొద్దున పారబోస్తూనే ఉన్నాను. నిన్నటి నీళ్ళు తాగకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు. రెండు బిందెలే కదా అనుకునేదాన్ని. ఆవిడ మా గుమ్మంలోకి మాత్రం తేరిన నీళ్ళు అడగడానికి రాలేదు. టీచరమ్మని ఏం అడుగుతుందిలే, నోటీసు రాసిన మనిషినే కదా అని సర్దుకున్నాను. అడగనందుకు చిన్నతనంగా కూడా ఉండేది. అందరిళ్ళకీ వెళుతోంది, నా దగ్గరికి రాదేం?

వేసవి చివర్లో ఒక సాయంత్రం ఆడవాళ్ళమంతా కమ్యూనిటీ హాల్లో కలిశాం. నీళ్ళ పని చూసే ఇంజనీరు ఒకాయన వచ్చి, చుట్టుపక్కల బ్లాకులన్నిటికీ వాటి ట్యాంకులు చాలలేదని, మా మూడు బ్లాకులకే మిగిలిందని చెప్పి, ఇది ఎలా చేశారో మిగతావాళ్ళకి చెప్పమన్నాడు. మాట్లాడేది నేనే కాబట్టి కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని వెళ్ళాను. నేను లేచేలోగా ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. చివరి వరసలో కిందింటావిడ మూడో నంబరావిడ వీపు చాటుకి ఒదిగిపోయింది. "ఆవిడేనండి" అన్నారెవరో. చప్పట్లు కొట్టారు. ఇంజనీరు కూడా కొట్టాడు.

నా చేతిలో కాగితం అలాగే ఉంది. ఆ వారంలో నేను మూడో నంబరావిడనీ, ఐదో నంబరావిడనీ విడివిడిగా అడిగి ఒక సంగతి తెలుసుకుని ఉన్నాను. దాన్ని అక్కడ బయటపెట్టాను. ఆవిడని మెచ్చుకోవలసిందేనని మొదలుపెట్టాను. కాని మూడో నంబరుకి వెళ్ళి ఐదో నంబరువాళ్ళు నీళ్ళు దాచుకుంటున్నారని చెప్పిన రోజుకి, ఐదో నంబరువాళ్ళు పారబోస్తూనే ఉన్నారు. ఐదో నంబరుకి వెళ్ళి మూడో నంబరు పేరు చెప్పింది. వాళ్ళూ అప్పటికి పారబోస్తూనే ఉన్నారు. మంచి పనే కావచ్చు, మనందరితోనూ అబద్ధం చెప్పి చేయించింది, ఇది మనకి మర్యాదేనా అని అడిగాను. గొంతు పెంచకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

మూడో నంబరావిడా, ఐదో నంబరావిడా ఒకరినొకరు చూసుకున్నారు. కిందింటావిడ లేచి నిలబడింది. ఆనుకోవడానికి తలుపు చెక్క లేక కుర్చీ వీపు పట్టుకుంది.

"అబద్దమే అనుకోండి" అంది. "రేపటి మాట ఇయ్యాల సెప్పీసినాను. రేపొచ్చింది కదా మరి."

ఒకరిద్దరు నవ్వారు. మూడో నంబరావిడ నవ్వలేదు. ఆమెకి నిజంగానే కష్టం కలిగింది. "మరి టీచరమ్మ గారు కూడా తేరిన నీల్లే తాగతారని మాకందరికీ సెప్పేవు కదా. అదీ అంతేనా?"

ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఇంటింటికీ నా పేరు చెప్పుకుని తిరిగిందన్నమాట. అందరూ నా వైపు చూశారు. ఆవిడా చూసింది. చేయి చెవి మీదికి పోయింది.

"అదొక్కటీ నిజమేనమ్మా" అంది. "నానే సూసినాను."

నేను ఏమీ అనలేదు. అనవలసిన సమయం అదే. ఇంజనీరు గొంతు సవరించుకుని, ఏదైతేనేం మంచే జరిగింది కదా అన్నాడు. టీలు వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఇద్దరమే మిగిలాం. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, నా పేరు ఎందుకు చెప్పావని అడిగాను. అప్పటికీ నా గొంతులో నేరం అడుగుతున్నట్టే ఉంది. ఆవిడ తాళం తీస్తూ, నా వైపు తిరగకుండా చెప్పింది.

"మీరు సేసినారంటే అందరూ సేత్తారని సెప్పినాను. మీ వంటింటి గొట్టం మా పెరట్లోకే కదా దిగతాది. మద్దెనింటోలు వేసవంతా ఊరెల్లిపోనారు. పొద్దున్న నీల్లు దిగిన సప్పుడు మీదేనని నాకు తెల్దా? రేపట్నుంచి ఇనపడదులెండి."

మర్నాడు పొద్దున బిందె తీసుకుని తూము దగ్గర నిలబడ్డాను. వంచలేకపోయాను. మూత పెట్టి మళ్ళీ గట్టు మీద పెట్టాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పారబొయ్యలేదు. పద్ధెనిమిది ఇళ్ళల్లో ఆఖరుగా మారిన ఇల్లు నాదే. మార్చింది ఆవిడే. అందుకు నాకు ఆవిడ మీద గౌరవం కలిగిందని రాస్తే బాగుంటుంది. నాకు కలిగింది మంట. నన్ను కాపాడినందుకు మంట, నా అంత చదువుకున్నదాన్ని కూడా మూడో నంబరావిడని తిప్పినట్టే తిప్పగలిగినందుకు మంట. ఇంకా సిగ్గైన సంగతి ఉంది. ఆ వారమంతా నేను వంటింటి కిటికీ దగ్గర తూముల చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాను. అబద్ధం బయటపడింది కదా, మళ్ళీ అందరూ పారబోస్తారు, ఆవిడ కట్టినదంతా కూలిపోతుంది అని ఎదురుచూశాను. పక్క బ్లాకులో ఒక ఇంటివాళ్ళు కోపంతో రెండు రోజులు పారబోశారు. ఆ తర్వాత మానేశారు. మిగతావాళ్ళకి అప్పటికే తేరిన నీళ్ళు అలవాటైపోయాయి.

ఒక్కటి మాత్రం మారింది. ఆ తర్వాత ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. మెట్ల మీద కనిపిస్తే నవ్వేది, మా అమ్మాయికి ఉడికించిన పెండలం పెట్టేది, మా ఆయనకి షిఫ్టు మారిందా అని పలకరించేది. మా గుమ్మంలోకి మాత్రం రాలేదు. పండగ పూట ఒకసారి నేనే ఇంగువ డబ్బా పట్టుకుని కిందికి వెళ్ళాను. "ఉన్నాదమ్మా" అంది మర్యాదగా. పక్క మెట్ల మీద మూడో నంబరావిడ గుమ్మంలో వీపు ఆనించి ఆవిడ గంటల కొద్దీ నిలబడి ఉండటం మా కిటికీలోంచి కనపడేది. నేను తెర వేసేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక వాళ్ళాయన సింహాచలం కొండ దిగువన రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. వెళ్ళిపోయారు. సామాను లారీలో ఎక్కిస్తుంటే మెట్ల దగ్గర పది పదిహేనుమంది ఆడవాళ్ళు చేరారు. నేను పైనుంచి చూశాను. దిగి వెళ్ళేసరికి లారీ కదిలింది.

అప్పటికి పర్యావరణం మీద సెమినార్లు ఎక్కువయ్యాయి. మనుషుల అలవాట్లు మార్చకుండా నీళ్ళూ గాలీ బాగుపడవని పెద్దపెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు. నేను కూడా ఒక వ్యాసం చదివాను. మా మూడు బ్లాకుల కథే. మొదటి చిత్తుప్రతిలో 'నాలుగో తరగతి చదివిన ఒక గృహిణి' అని రాశాను. రెండోసారి రాసినప్పుడు అది 'స్థానిక మహిళలు' అయింది. టైపు చేయించేనాటికి 'పరిశోధకురాలి చొరవతో' అయింది. వడియాల సంగతి రాశాను, పాచినీళ్ళకి పేరు మార్చడం రాశాను, నోటీసు తప్పు కూడా రాశాను. అది వేరే ఎవరో చేసిన తప్పన్నట్టు రాశాను. వ్యాసం అయ్యాక హాలంతా చప్పట్లు కొట్టింది. ఒకాయన లేచి, ఇంత చక్కటి ఆలోచన మీకు ఎలా తట్టిందండీ అని అడిగాడు. ప్రజల మధ్య బతికితే తడుతుందన్నాను. దాని మీదే నాకు ప్రిన్సిపాల్ ఉద్యోగం వచ్చింది.

బస్టాపులో మూడో నంబరావిడ ఇంటి గుర్తులు చెప్పింది. మా ఆయన రానన్నాడు, ఆయనకి జ్వరం. పదకొండో రోజున నేనొక్కదాన్నే వెళ్ళాను. కొండ దిగువన సన్నటి వీధి. చివర గెడ్డ, కొండ మీంచి దిగే వాగు, పారుతోంది. అలాంటి గెడ్డలు మన ఊళ్ళో ఎలా ఉంటాయో తెలుసు. ఇది మాత్రం శుభ్రంగా, అడుగు రాళ్ళు కనపడుతూ ఉంది. గట్టు మీద వరసగా ఎవరివో బంతిమొక్కలు. ఎలా జరిగి ఉంటుందో నేను ఒక్క చూపులో ఊహించగలిగాను. ఇంకో ఐదారేళ్ళు ఈ వీధిలో ఒక్కొక్క గుమ్మంలో నిలబడి ఉంటుంది. నేను కాలేజీలో ఫైళ్ళ మీద సంతకాలు పెడుతున్న ఐదారేళ్ళు.

ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్ళు నేల మీద చాపల మీద కూర్చున్నారు. వాళ్ళాయన నన్ను చూసి గబగబా వచ్చాడు. బాగా నీరసించిపోయాడు. చేతులు జోడించాడు. నేను ఏదో అనబోయేలోగా వెనక్కి తిరిగి ఆడవాళ్ళందరితోనూ చెప్పాడు.

"ఈవిడేనర్రా టీచరమ్మ గారంటే. మా ఇంటిది అంతా ఈవిడ కాడే నేర్సుకున్నాది."

వాళ్ళు సర్దుకుని దారి ఇచ్చారు. ఒక చిన్న వయసావిడ, చంకలో పిల్లతో, నా దగ్గరగా వచ్చి నిలబడింది. నేను కాగితాల మీద రాసి చెప్పేదాన్నట, అది తీసుకుని ఆవిడ ఇంటింటికీ తిరిగేదట. గెడ్డ సంగతి మొదలుపెట్టినప్పుడు కూడా, 'ఇది నా తెలివి కాదు, ఉక్కునగరంలో మా పైనింటి టీచరమ్మ తెలివి' అని చెప్పేదట. "మిమ్మల్ని ఒక్కసారి సూపెట్టమని అడిగితే, పెద్ద ఉద్యోగం, కాలీ ఉండదు అనీవారండి" అంది.

నా వ్యాసం సంగతి ఆవిడకి తెలిసి అలా చెప్పిందా, తెలియక చెప్పిందా? తెలిసే అయితే నన్ను క్షమించినట్టా, వెక్కిరించినట్టా? తెలియక అయితే, నేను దొంగిలించినదాన్ని ఆవిడ అంతకుముందే నాకు ఇచ్చేసిందా? అడగడానికి మనిషి లేదు. గుమ్మం పక్కన దండ వేసి పెట్టిన ఫోటోలో ఆవిడ చేయి చెవి మీద లేదు. ఎవరో బలవంతంగా దింపించి ఫోటో తీసినట్టున్నారు. ఎప్పటిలాగే పైచేయి ఆవిడదే. పదకొండు రోజుల తర్వాత కూడా నాకు కళ్ళ వెనక వేడిగా పొంగింది. అది ఏడుపో, అసూయో నేను విడదీసి చెప్పలేను.

చంకలో పిల్లతో ఉన్నావిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది. కాదమ్మా, ఆవిడే నాకు నేర్పింది, అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా వాళ్ళాయన లోపలి నుంచి, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి, అందరి మధ్యా వేశాడు.

"కూకోండమ్మా" అన్నాడు.

కూర్చున్నాను.